రాయి మూసేలోగా

ఆ ఈటె వెనక్కి తియ్యి నాయనా! తియ్యమంటుంటే వినపడదా? గంపలో అలా పొడుస్తావేంటి! అందులో ఉన్నవి ఎండుద్రాక్షలు కావు, మా ఆయన!

నవ్వుతావేం? నీతో వేళాకోళాలాడే వయసా నాది? నిజంగా మా ఆయనే. అష్బేలు అని. పైన అంజూరపు ఆకులు కప్పాను గానీ, కింద దుప్పట్లో చుట్టి ఉన్నవి ఆయన బొమికలు. పోయి రెండేళ్లయింది. మా ద్రాక్షతోటలోనే పాతిపెట్టాం, ఇవాళ పొద్దున్నే తవ్వి తీసుకొస్తున్నా.

నమ్మవా? అయితే రా, ఆకులు తీస్తాను, చెయ్యి పెట్టి చూసుకో. రావయ్యా!

అదేంటి, వెనక్కి పోతున్నావ్? మైల పడతావనా? బొమిక ముట్టుకుంటే ఏడు రోజులు మైల అని మీ అమ్మ బాగానే నేర్పినట్టుంది. మంచిదే. కానీ చూడు, చెయ్యి పెట్టి చూడవు, నేను చెబితే నమ్మవు, దారి వదలవు. మరి నన్నేం చెయ్యమంటావ్? ఆయనే లేచి కూర్చుని నీకు జవాబు చెప్పాలా?

ఏం పేరన్నావ్ నీది? బెరీయానా? సరే బెరీయా. ఇందాకట్నుంచీ ఆ గోడ నీడన నిలబడి చూస్తూనే ఉన్నాను. దక్షిణానికి పోయేవాళ్లందర్నీ తిప్పి పంపేస్తున్నావు. మేకపిల్లని భుజాన వేసుకొచ్చినాయన్ని పంపేశావు. నూనె కుండ ఎత్తుకొచ్చిన ముసలమ్మని పంపేశావు, పాపం ఆవిడ ముక్కు చీదుకుంటూ పోయింది. వాళ్లు యెరూషలేముకి పండక్కి పోతున్నారు, రాజుగారు వద్దన్నారు, నువ్వు ఆపావు. ఒప్పుకున్నాను. నేనేమైనా పండక్కి పోతున్నానా? చచ్చిన మొగుణ్ణి గాడిదమీద వేసుకుని ఎవరైనా పండక్కి పోతారా చెప్పు?

నేను పోయేది అదిగో, అక్కడికి. లోయకి అవతల ఆ మెట్ట చూడు. మెట్ట కింద రాతిగోడ, ఆ గోడ పక్కన జనం. కనపడుతున్నారా? గాలి ఇటు తిరిగితే ఏడుపు కూడా వినపడుతుంది. అది మా అత్తవారి ఊరు. ఆ జనం నిలబడింది మా అత్తవారి గుహ ముందు. ఇవాళ తెల్లారకుండానే మా బావగారు పోయారు. గేరా అని, మా ఆయనకి అన్న.

అదీ నా తొందర! మా వాళ్ల గుహ రాయి ఊరికే తియ్యరు నాయనా. ఇంట్లో మనిషి పోతేనే తీస్తారు. ఊరికే తీస్తే ఆ రాయి ఇంకో చావు అడుగుతుందంటారు. పోయినవాణ్ణి పొద్దుగూకేలోగా లోపల పడుకోబెట్టి, రాయి దొర్లించేస్తారు. మళ్లీ ఎప్పుడు తీస్తారో ఆ దేవుడికే తెలియాలి. మా అత్తగారు పోయినప్పుడు మూసిన రాయిని మళ్లీ ఇవాళే తీశారు. అప్పుడు నా కూతురు పాకుతోంది, ఇప్పుడు దాని పిల్లలు పాకుతున్నారు.

పొద్దు ఎక్కడికి వాలిందో చూశావా? ఆ రాయి మూసేలోగా ఈయన్ని అక్కడికి చేర్చాలి. లోపలి గోతిలో వాళ్ల నాన్న ఉన్నాడు, తాత ఉన్నాడు. వాళ్ల పక్కన చేర్చేసి తిరిగొచ్చేస్తాను. అంతకుమించి నిన్నేం అడగట్లేదు.

వాళ్లనే ఇంకో రోజు తియ్యమనా? ఆహా, ఎంత బాగా చెప్పావ్! అడిగితే తీసేవాళ్లయితే ఈ ఎండలో నీ కాళ్లావేళ్లా పడతానా? మా బావగారు ఒట్టు పెట్టుకున్నారు నాయనా. 'షెకెములో అరిచినవాడి బొమిక ఒక్కటి కూడా మా నాన్న గుహలోకి రానివ్వను, నా కంఠంలో ప్రాణం ఉండగా రానివ్వను' అని ఊరందరి ముందూ అన్నారు. ఇవాళ ఆయన కంఠంలో ప్రాణం లేదు కదా. ఒట్టు ఆయనతోనే పోయింది. మా తోటికోడలు హోదెషు అంత ఏడుపులోనూ కబురంపింది. 'తెచ్చుకుంటే ఇవాళే తెచ్చుకో హోగ్లా. రేపైతే నా కొడుకు ఒప్పుకోడు, వాడిది అచ్చం వాళ్ల నాన్న బుర్రే' అని.

బతికున్నన్నాళ్లూ మా గడప తొక్కని మనిషి, చచ్చి మాకు తలుపు తీశాడు. చూడు ఎలాంటి రోజులొచ్చాయో.

షెకెములో అరవడమేంటి అంటావా? అయ్యో రాత! నువ్వు ఆ రాజు ఈటె పట్టుకుని నిలబడ్డావు, ఆయన రాజెలా అయ్యాడో తెలీదా? అప్పటికి మీ అమ్మ చంకలో ఉన్నావేమోలే.

విను మరి. మా ఆయన బేతేలుకి ఇల్లరికం వచ్చాడు. మా నాన్నకి కొడుకుల్లేరు. వాళ్లది అవతలి బెన్యామీను గోత్రమే అయినా, అప్పటి రాజు సొలొమోను వెట్టికి మనుషుల్ని పట్టుకుపోయినప్పుడు ఈయన్నీ మా ఊరివాళ్లతో కలిపి పట్టుకుపోయారు. యెరూషలేములో మిల్లో అనే కోటబురుజు కడుతున్నారు అప్పుడు. రాళ్లు మోసి మోసి మా ఆయన భుజం కాయ కాచి గట్టిపడిపోయింది. నేను నూనె రాస్తే నూనె కూడా ఇంకేది కాదు. ఆ వెట్టిపని చేయించే పెద్ద ఎవరనుకున్నావ్? నీ రాజే! యరొబాము!

అప్పటికి రాజు కాదు కదా. విధవరాలి కొడుకు, మనలాంటి వాడే. మా ఆయన ఇంటికొచ్చినప్పుడల్లా ఒకటే పొగడ్త. యరొబాము మాతో నేలమీదే కూర్చుని తింటాడే, యరొబాము ముందు ముసలాళ్లకి నీళ్లు పోయించి తర్వాత తాగుతాడే, మన బాధ తెలిసినవాడే అని. ఆ పేరు వింటే నేనూ మురిసిపోయేదాన్ని. అబద్ధమెందుకు?

తర్వాత సొలొమోను చంపబోతే ఐగుప్తుకి పారిపోయాడు. ఆ ముసలి రాజు పోయాక తిరిగొచ్చాడు. అప్పుడే జనమంతా షెకెములో పోగయ్యారు. కొత్తగా ఏలబోయే ఆయన కొడుకు రెహబాముని అడగడానికి. ఏమడిగారు? రాజ్యం ఇమ్మన్నారా, బంగారం ఇమ్మన్నారా? 'మీ నాన్న మా మెడమీద పెట్టిన కాడి కాస్త తేలిక చెయ్యి బాబూ' అన్నారు, అంతే. దానికి ఆ చిన్నదొర ఏమన్నాడో విన్నావా? 'నా చిటికెన వేలు మా నాన్న నడుముకంటే లావు! ఆయన కొరడాలతో కొట్టాడు, నేను తేళ్లతో కొడతాను!' గోరుచుట్టుమీద రోకటిపోటు కాదూ?

అప్పుడు అరిచారు, ఆ రెహబాము తాత దావీదు పేరెత్తి. 'దావీదు దగ్గర మాకు వాటా ఏముంది? ఇశ్రాయేలూ, ఎవరిళ్లకి వాళ్లు పొండి!' అని. మా ఆయన ముందు వరసలో ఉండి అరిచాడు. ఇంటికొచ్చాక గొంతు పెగల్లేదు. సైగలతోనే చెప్పాడు, మనవాడే రాజయ్యాడని. తేనెనీళ్లు కాచి పట్టించాను. ఆ రోజు నాకున్న పొగరు చూడాలి నువ్వు, బావి దగ్గర ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు!

మా బావగారేమో అటు రెహబాము వైపే ఉండిపోయారు. ఒక్క తల్లి కడుపున పుట్టారు ఇద్దరూ. మధ్యలో ఈ లోయ, ఈ నీ అడ్డకర్ర.

అరే, నా కడుపుమంట ఏంటో అర్థం కావట్లేదా నీకు? యరొబాముని ఎవరూ మా నెత్తిన రుద్దలేదు నాయనా. మేమే పెట్టుకున్నాం! రెహబాము దుర్మార్గుడంటే సరే, మేడలో పుట్టాడు, మేడలో పెరిగాడు, వాడికి రాయి బరువేం తెలుసు? ఇతనికి తెలుసు కదా. రాళ్లు మోసేవాళ్ల పక్కన నిలబడినవాడే కదా. ఇతనికేం పుట్టింది?

భయం పుట్టింది. ఇంకేం కాదు, ఒట్టి భయం. జనం యెరూషలేము గుడికి పండక్కి పోతే, అక్కడ ఏలుతున్న రెహబాము కనపడితే మనసు మారిపోయి, తిరిగొచ్చి నా పీక కోస్తారని భయం. ఎవరు కోస్తారయ్యా? మా ఆయనా? గొంతు పోయేలా అరిచి రాజుని చేసినవాళ్లం, మమ్మల్ని చూసి భయపడ్డాడు. అలాంటివాడితో ఎలా వేగాలి చెప్పు!

అప్పుడేమన్నాడో తెలుసా? 'యెరూషలేముకి పోవడం మీకు మహా కష్టం' అన్నాడు. అబ్బబ్బబ్బ, మా కాళ్లమీద ఎంత జాలి! మా అమ్మ నన్ను కడుపులో మోస్తూ పోయింది. మా నాయనమ్మ కర్ర పట్టుకుని పోయింది. బేతేలులో పొద్దున బయల్దేరితే మధ్యాహ్నం భోజనాలకి అక్కడుంటాం. అది కష్టమట! కష్టం అంటూ రెండు బంగారు దూడలు పోత పోయించాడు. ఒకటి ఎక్కడో ఉత్తరపు కొసన దానులో, ఒకటి మా ఊళ్లో. 'ఇదిగో, మిమ్మల్ని ఐగుప్తులోంచి తీసుకొచ్చిన దేవుడు' అని చూపించాడు. ఐగుప్తులోంచి మొన్న మొన్న వచ్చింది నువ్వు కదయ్యా అని నాకు నోటిదాకా వచ్చింది. మా ఆయన నా చెయ్యి గిల్లాడు.

సరే, దూడని మింగాను. పండగని మింగడం మాత్రం నా వల్ల కాలేదు. పర్ణశాలల పండగ ఎప్పుడు చేసుకోవాలి? ఈ నెలలో, ఏడో నెల పున్నానికి! ద్రాక్షలు తొక్కేశాం, కళ్లం ఊడ్చేశాం, వానలింకా రాలేదు. కొమ్మలతో పందిరి వేసుకుని అందులో పడుకుంటే ఆకుల సందుల్లోంచి చుక్కలు కనపడాలి. అదీ పండగంటే. ఇతనేం చేశాడు? రెహబాము ఏలే ఆ యూదావాళ్లతో కలవకూడదని ఎనిమిదో నెలకి నెట్టేశాడు. ఎనిమిదో నెలలో ఏముంటుంది నా తలకాయ? వాన! మొదటి ఏడు మా పందిరి కారి కారి, దుప్పట్లు తడిసి ముద్దయి, పిల్లలంతా దగ్గులు. పప్పుకుండలో నేను పోసిన నీళ్లకంటే పైనుంచి పడ్డవే ఎక్కువ. 'మీ రాజు పండగని మార్చాడు గానీ మబ్బులకి కబురు పెట్టడం మర్చిపోయాడయ్యా' అన్నాను. మా ఆయన పడీపడీ నవ్వాడు. అప్పటికింకా నవ్వేవాడు.

మెల్లిగా మాట్లాడమంటావా? నా గొంతే అంత నాయనా, నన్నేం చెయ్యమంటావ్. ఇక్కడ నువ్వూ నేనూ గాడిదే కదా. ఆ రెండోవాడు చెట్టు కింద గురక పెడుతున్నాడు.

కర్ర ఎత్తేస్తే నేను నోరు మూసుకుని పోతాను. ఎత్తవు. ఎత్తవు కాబట్టి విను.

పండగని మార్చేసరికి తరతరాలుగా గుడిసేవ చేసే లేవీయులు ఊరుకుంటారా? ఇళ్లూ పొలాలూ వదిలేసి దక్షిణానికి పోయారు. మరి దూడకి ధూపం ఎవరెయ్యాలి? చాటింపు వేయించాడు మహానుభావుడు. ఏ గోత్రం వాడైనా సరే, ఒక కోడెదూడనీ ఏడు పొట్టేళ్లనీ తోలుకొస్తే వాడే యాజకుడు! మా వీధిలో కుండలు చేసేవాడు యాజకుడయ్యాడు. తోళ్లు శుద్ధి చేసేవాడు యాజకుడయ్యాడు, వాడు పక్కన నిలబడితే ధూపం వేసినా వెయ్యకపోయినా ఒకటే వాసన.

మా ఇంట్లో కూడా అంతే. ఉన్న ఒక్క కోడెనీ తోలుకుపోతుంటే నేను దొడ్డి గుమ్మానికి అడ్డం నిలబడ్డాను. 'దున్నడానికి ఏముంటుందయ్యా? నన్ను కడతావా నాగలికి?' అన్నాను. 'యరొబాము స్వయంగా పిలిచాడే, పాత స్నేహం, కాదంటే ఏమనుకుంటాడో' అన్నాడు. తెల్లటి నారబట్ట కట్టుకుని వచ్చి నిలబడితే నవ్వాలో ఏడవాలో తెలీలేదు నాకు. నాగలి పట్టిన చేతులు, కొవ్వు వేల్చడం వాటికేం తెలుసు? మొదటి రోజే కనుబొమలు కాల్చుకుని...

ఏంటి? ఏంటలా చూస్తున్నావ్? ఎవరు యాజకుడంటే... అంటే... అన్నానా నేను?

అన్నాను కదూ.

హయ్యో, నా నోరు పడిపోను! మా అమ్మ ఎప్పుడూ చెప్పేది. 'నీకు శత్రువులు బయట అక్కర్లేదే హోగ్లా, నీ నాలుక చాలు' అని. ఎంత ఓర్చుకుందామన్నా ఆ రాజు పేరెత్తేసరికి ఒళ్లు తెలియదు నాకు.

యాజకుణ్ణి ద్రాక్షతోటలో ఎందుకు పాతిపెట్టారంటావా? మాకు ఆ తోటంటే ప్రాణం కాబట్టి... ఆయన చేతులతో నాటిన తీగలు... సరేలే. సరే సరే, అలా గుడ్లురమకు. నాకు అబద్ధమాడ్డం చాతకాదు, ఒప్పుకుంటాను. తోటలో కాదు, కొండమీద యాజకుల గుహలోనే పెట్టారు. రాజుగారి ఖర్చుతో, ఏడ్చేవాళ్లని కూలికి పెట్టి మరీ. అక్కణ్నుంచే తెచ్చాను. ఆయన్ని పడుకోబెట్టిన అరుగు నాకు తెలుసు. ఏరుకుని, దుప్పట్లో మూటగట్టి, గంపలో పెట్టుకుని దిగి వచ్చేశాను. కాపలావాళ్లా? గుహ దగ్గర కాపలా ఎవరున్నారు? పండక్కి పోయేవాళ్లని ఆపడానికి అందర్నీ దార్లమీదకి తోలారు కదా మీ రాజుగారు!

దొంగతనమా? నా మొగుణ్ణి నేను తెచ్చుకుంటే దొంగతనమా? అయితే కానీ, దొంగతనమే. పట్టుకుపో. కానీ ముందు ఈయన్ని అవతలికి చేర్చనివ్వు.

అంత మర్యాద జరిగినచోటు నుంచి ఎందుకు తెచ్చావ్ అని అడుగుతున్నావు. తెలివైనవాడివే. చెప్పానుగా, వాళ్ల నాన్న పక్కన ఉండాలని ఆశ... నమ్మట్లేదు నువ్వు. నమ్మవులే. నేనైనా నమ్మను.

దగ్గరికి రా. రా, గంప నీకు తగలదులే. ఇది గట్టిగా చెప్పే మాట కాదు.

మా ఆయన నారబట్ట కట్టిన ఏడు, ఎనిమిదో నెల పండగ రోజు, రాజే స్వయంగా బలిపీఠం ఎక్కాడు. యాజకులు చాలరన్నట్టు తానే ధూపం వేస్తానన్నాడు. మా ఆయన నిప్పుల పళ్లెం పట్టుకుని పక్కనే నిలబడ్డాడు. నేను కింద ఆడవాళ్లలో ఉన్నాను. ఇంతలో జనాన్ని తోసుకుంటూ ఒకాయన వచ్చాడు, యూదా నుంచి. దుమ్ముకొట్టుకుపోయి ఉన్నాడు. రాజువైపు చూడనైనా చూడలేదు. రాయితో మాట్లాడాడు నాయనా! 'బలిపీఠమా, బలిపీఠమా, నీమీద ధూపం వేసే యాజకుల్ని నీమీదే వధిస్తారు. మనుషుల బొమికలు నీమీద కాలుస్తారు' అన్నాడు. దావీదు ఇంట్లో ఒకడు పుట్టి ఆ పని చేస్తాడట.

రాజు చెయ్యి చాపి 'పట్టుకోండి వాణ్ణి' అన్నాడు. ఆ చాపిన చెయ్యి చాపినట్టే ఎండిపోయింది. నా కళ్లతో చూశాను. ముడుచుకుందామంటే ముడుచుకోదు. బలిపీఠం ఫెళ్లున పగిలి బూడిదంతా కిందకి దిగింది. మా ఆయన పాదాలమీద పడింది. వేడి బూడిద. ఆ మచ్చలు పోయేదాకా అలాగే ఉన్నాయి.

అప్పుడు ఏడ్చాడు రాజు. 'మీ దేవుణ్ణి బతిమాలండి స్వామీ, నా చెయ్యి నాకు ఇప్పించండి' అని. ఆయన బతిమాలాడు, చెయ్యి బాగైంది. మనిషన్నవాడైతే అప్పుడేం చెయ్యాలి? నేలమీద పడాలి. ఆ దూడని కరగబోయించాలి. ఇతను, 'మా ఇంటికొచ్చి భోంచెయ్యండి, కానుక ఇస్తాను' అన్నాడు! ఆయన మంచినీళ్లు కూడా ముట్టకుండా వెళ్లిపోయాడు. వారం తిరక్కుండానే, బాగైన ఆ చేత్తోనే, ఇంకొకడికి నారబట్ట ఇచ్చి యాజకుణ్ణి చేశాడు నీ రాజు. కుక్కతోక వంకర అంటే నాకు ఆ రోజే అర్థమైంది.

పగులు పూడ్చే పని మా ఆయనకే చెప్పారు. సున్నం మెత్తాడు. ఆరేసరికి మళ్లీ నెర్రె. మళ్లీ మెత్తాడు. మళ్లీ నెర్రె. జనానికి కనపడకుండా మీద బట్ట కప్పారు. 'అది నన్నే చూస్తోందే' అనేవాడు. తిండి తగ్గింది. మాట తగ్గింది. మానెయ్యి, ఆ నారబట్ట వాళ్ల మొహాన కొట్టి వచ్చెయ్యి అన్నాను. 'మానేస్తే రెహబాము మనిషినంటారు, చంపేస్తారు' అన్నాడు. రాజుకి జనమంటే భయం, ఈయనకి రాజంటే భయం, నాకు ఈయన ఏమైపోతాడోనని భయం. ఊరు ఊరంతా భయంతోనే ఆ దూడకి దణ్ణం పెట్టాం నాయనా, భక్తి ఎక్కడేడ్చింది?

రాజుకుందా నమ్మకం? చెప్పు, ఆయనకుందా? తన పసివాడు జబ్బుపడితే దూడ దగ్గరికి తీసుకెళ్లాడా? రాణిగారికి పేదరాలి వేషం వేసి, రొట్టెలూ తేనే చేతికిచ్చి, షిలోహులో పాత దేవుణ్ణే కొలిచే ఒక గుడ్డి ప్రవక్త దగ్గరికి పంపాడు. ఎవరూ గుర్తుపట్టకూడదట! తన బిడ్డ ప్రాణం దగ్గరికొచ్చేసరికి పాత దేవుడే కావాల్సొచ్చాడు. మాకు మాత్రం దూడ. ఆ తల్లి తిరిగొచ్చి గడపలో కాలు పెట్టేసరికి పిల్లాడు పోయాడు. ఆవిణ్ణి తలుచుకుంటే మాత్రం నా కడుపు తరుక్కుపోతుంది. ఆవిడేం చేసింది పాపం, వెళ్లమంటే వెళ్లింది.

ఇక నాది కూడా చెప్పేస్తాను, ఎలాగూ ఇంతదాకా వచ్చింది. పోయేముందు మా ఆయన నా మణికట్టు పట్టుకున్నాడు. నిప్పులా కాలిపోతోంది ఆ చెయ్యి. 'నన్ను కొండమీద ఉంచకే హోగ్లా. ఎప్పుడో ఒకప్పుడు వాళ్లొచ్చి తవ్వుతారు. నన్ను ఆ రాయిమీద వేసి కాలుస్తారు. మా నాన్న దగ్గరికి చేర్చు. అన్నయ్య కాళ్లు పట్టుకోనైనా చేర్చు' అన్నాడు. అంత మనిషి వెక్కివెక్కి ఏడ్చాడు.

విన్నావుగా. మీ రాజుగారి యాజకుడు బతికినన్నాళ్లూ ధూపం వేశాడు గానీ, ఆ యూదావాడి మాటే నమ్మాడు. నేనూ నమ్ముతున్నాను. రాజద్రోహమంటే అను. రాళ్లతో కొడతారా, కొట్టండి. నేను ఆయనకి మాటిచ్చాను, నాకింకేం తెలీదు.

అటు కొండవైపు తిరిగావేం? 

ఏంటీ? మళ్లీ చెప్పు.

మీ నాన్నా? ఆయనా యాజకుడేనా?

ఎప్పుడు పోయాడు? పోయిన చలికాలమా. ఆ గుహలోనేనా? లోపలికి పోగానే ఎడంపక్క అరుగుమీదా? చూశాను నాయనా. ఇవాళ పొద్దున ఆయన పక్కనుంచే నడిచాను. తలకింద రాయి దిండు పెట్టారు, చక్కగా పడుకోబెట్టారు.

నిజంగా కాలుస్తారా అంటే నేనేం చెప్పను? నేనేమైనా ప్రవక్తనా? చెయ్యి ఎండడం చూశాను, రాయి పగలడం చూశాను. రేపెప్పుడో జరిగేది నాకేం తెలుసు? జరగకపోవచ్చు కూడా.  ఈటె కింద పెట్టి కూర్చో కాసేపు.

మీ తాతల గుహ లేదా మరి? ఎఫ్రాయిములో మీకు సొంత కొండే ఉండి ఉంటుంది కదా, అక్కడికి తీసుకుపో... ఏమన్నావ్? అమ్మేశారా? గుహతో సహానా? కోడె కోసం, పొట్టేళ్ల కోసం తాతల్ని అమ్ముకున్నారా!

అయ్యో నాయనా. అయ్యో.

నేను చెప్పకుండా ఉండాల్సింది. ఇవాళ పొద్దున హాయిగా నిద్రలేచి ఉంటావు నువ్వు. నా నోరే ఇంత, ఎవరి ఇంట్లో నిప్పు పెడుతుందో దానికి తెలీదు. ఏం చేస్తావిక? రాజుగారి వంశం వెయ్యేళ్లు చల్లగా ఉండాలని దణ్ణం పెట్టుకో. దక్షిణం నుంచి ఎవడూ రాకూడదని దణ్ణం పెట్టుకో. ఇదీ మేం ఏరి కోరి తెచ్చుకున్న రాజు మనకి చేసిన మేలు. నీకు వేరే దారి నాకు కనపడట్లేదు.

అమ్మో, అటు చూడు! మగవాళ్లు రాయి దగ్గరికి చేరుతున్నారు. నడుం వంచుతున్నారు. పొద్దు ఇంకా ఉంది కదరా, అప్పుడే ఏం తొందర! బెరీయా, బాబూ, నీకు దణ్ణం పెడతాను...

ఎత్తావా! కర్ర ఎత్తేశావా! నీ కడుపు చల్లగుండ. ఛల్, నడువే గాడిదా, నడు!

ఇది లోయ దిగి మళ్లీ ఎక్కేసరికి మూసేస్తారు నాయనా. నా గొంతు అంత దూరం పోదు, వాగి వాగి బొంగురుపోయింది. నువ్వు ఒక్క కేక వెయ్యి. అటువైపు చెయ్యి ఊపి గట్టిగా ఒక్క కేక.

ఏమని అరవాలంటే... రాజుగారి యాజకుడు అనకు, ఆ మాట వింటే ఇంకా గట్టిగా తోస్తారు. గేరా తమ్ముడు ఇంటికొస్తున్నాడు, రాయి ఆపండి అని అరువు.